రేపు సాయంత్రం ఇచ్చేస్తానండీ: ఒంటి చేత్తో నడిచే ఒక టైలరింగ్ షాపు కేస్ స్టడీ

శ్రావణ మాసం జాకెట్ల గొడవ ఆషాఢంలోనే మొదలవుతుంది. ఆషాఢం ఆఫర్లలో చీరలు కొని బీరువాలో పెడతారు. ఆ నెలలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి జాకెట్టుకి తొందరేమీ ఉండదు. వరలక్ష్మీ వ్రతం దగ్గర పడ్డాక అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది. 2025లో శ్రావణం జూలై 25న వచ్చింది, వ్రతం ఆగస్టు 8న. మధ్యలో ఉన్నది రెండే వారాలు. విశాఖలో ఒక్కరే కుట్టుకునే షాపులకు ఆదాయమూ అప్పుడే, ఆసుపత్రి ఖర్చూ అప్పుడే. ఈ కేసు జూన్ మొదటి వారంలో కౌన్సెలింగ్‌కి వచ్చింది కాబట్టి సీజన్‌కి ముందు చేతిలో కొంత సమయం దొరికింది. జూలై ఆఖర్లో వచ్చి ఉంటే ఇందులో సగం పనులు చెయ్యడానికి వీలుండేది కాదు. క్లయింటు అనుమతితోనే రాస్తున్నాం, ఎవరో గుర్తుపట్టే వివరాలు మార్చాం.

క్లయింటుకి 41 ఏళ్లు. అక్కయ్యపాలెంలో ఒక సందులో 10 అడుగులకు 12 అడుగుల గది. 14 ఏళ్లుగా షాపు ఆవిడ ఒక్కరే చూసుకుంటున్నారు. మోటారుతో నడిచే పవర్ మెషీన్ ఒకటి, గుడ్డ అంచుల పోగులు ఊడకుండా కుట్టే ఓవర్‌లాక్ ఒకటి, కాలితో తొక్కే పాత ఉషా మెషీన్ ఒకటి. ఆ పాతదాన్ని అమ్మకపోవడానికి కారణం ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను కొట్టాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, దీపావళి ముందు ఆర్డర్లన్నీ దాని మీదే పూర్తయ్యాయి. భర్తది గాజువాక వైపు షిఫ్టు ఉద్యోగం. అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు.

ఆవిడ చెప్పిన ఇబ్బందులు: నిద్ర పట్టదు, పట్టినా మూడింటికి మెలకువ వచ్చేస్తుంది, పిల్లాడి మీద అరుస్తున్నారు, మెడ నుంచి భుజం దాకా నొప్పి. అన్నిటికంటే పనికొచ్చిన మాట ఇది: "పని ఎక్కువైందని కాదండీ, ఫోన్ మోగితేనే గుండె దడ."

మొదట ఒంటి సంగతి

చిన్న వ్యాపారం చేసేవాళ్లు వచ్చి ఒత్తిడి అనగానే టైమ్ మేనేజ్‌మెంట్ బోధించే అలవాటు మన కౌన్సెలర్లలో చాలామందికి ఉంది. అది రెండో పని. ముందు చూడాల్సినవి రెండు. ఒకటి, డిప్రెషన్‌ని కొలిచే పీహెచ్‌క్యూ-9, ఆందోళనని కొలిచే గ్యాడ్-7 ప్రశ్నావళులు. డిప్రెషన్ స్కోరు 27కి 11, ఆందోళన స్కోరు 21కి 13 వచ్చాయి. రెండూ మధ్యస్థాయి. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనల గురించి అడుగుతుంది, దానికి జవాబు సున్నా. అక్కడ సున్నా కాకుండా ఇంకేం వచ్చినా షాపు లెక్కలన్నీ పక్కన పెట్టేసి ముందు సైకియాట్రిస్టు దగ్గరికి పంపాలి. చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అర్ధరాత్రయినా మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు.

రెండోది రక్తపరీక్ష. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ చేయించాం. థైరాయిడ్, షుగర్ బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.8. ఆడవాళ్లలో 12 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికి నీరసం, గుండె దడ, వీటిలో కొంత వాటా దీనిదే. డాక్టరు ఐరన్ మాత్రలు రాశారు. ఆవిడ రోజుకి ఆరు టీలు తాగుతున్నారు, భోజనం అవ్వగానే ఒకటి తప్పనిసరి. టీ ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు, సాయంత్రం పూట తాగితే నిద్రనీ పట్టనివ్వదు. అందుకని టీలు మూడుకి తగ్గించి, ఆఖరిది నాలుగింటికి, భోజనానికీ మాత్రకీ గంట ఎడంగానే టీ అని రాసిచ్చాం. మొదటి వారంలో మార్చింది ఇదొక్కటే.

ఏడు రోజుల చిట్టా

తర్వాత ఏడు రోజులు ప్రతి జాకెట్టుకీ ఫోన్‌లో టైమర్ పెట్టి, ఏ పనికి ఎంత పట్టిందో చీటీ మీద రాయమన్నాం. లైనింగ్ జాకెట్టు ఎంతసేపట్లో అవుతుందని ముందే అడిగితే వెంటనే "గంటన్నర" అన్నారు. చిట్టాలో వచ్చిన సగటు వేరు. ఆది జాకెట్టు పరిచి కొలతలు తీసి కటింగ్ చెయ్యడానికి 30 నిమిషాలు. లైనింగ్ అతికించి కుట్టడానికి 75. హెమ్మింగ్, హుక్కులు, కాజాలకి 30. ఇస్త్రీకి 10. మొత్తం 145 నిమిషాలు, అంటే రెండున్నర గంటలకి అయిదు నిమిషాలు తక్కువ. ఆవిడ చెప్పిన గంటన్నర అబద్ధం కాదు, మెషీన్ మీద కూర్చున్న సమయం కొంచెం అటూఇటూగా అంతే. చేతి పని ఇంట్లో టీవీ ముందు చేస్తారు కాబట్టి అది ఆవిడ లెక్కలోకే రాలేదు.

షాపు పొద్దున 10 నుంచి రాత్రి 9 దాకా, 11 గంటలు తెరిచి ఉంటుంది. అందులో కత్తెర, మెషీన్ నడిచింది రోజుకి 5 గంటల 40 నిమిషాలే. మిగతాదంతా వచ్చినవాళ్లతో మాటలు, ఫోన్, లైనింగ్ రంగు కోసం పూర్ణా మార్కెట్‌కి పరుగులు, ఏ గుడ్డ ఏ సంచిలో ఉందో వెతుకులాట. ఈ వెతుకులాట ఒక్కటే రోజుకి 35 నిమిషాలు తినేస్తోంది.

340 నిమిషాలని 145తో భాగిస్తే రోజుకి రెండు జాకెట్లు దాటి కొంచెం. ఆరు రోజులకు 14. ఆవిడ వారానికి తీసుకుంటున్నవి 22. ప్రతి వారం ఎనిమిది జాకెట్లు వెనకబడుతున్నాయి. రాత్రి ఒంటిగంట దాకా ఇంట్లో కుట్టి అందులో కొన్ని లాగుతున్నారు, మిగిలినవి పేరుకుంటున్నాయి. మేం లెక్కపెట్టిన రోజున షాపులో ఇవ్వాల్సిన తేదీ దాటిపోయినవి, దాటబోయేవి కలిపి 37.

ఆ వారంలోనే ఒక రోజు ఫోన్లు, వాట్సాప్ మెసేజీలు లెక్కపెట్టాం. 46. అందులో 31 ఒకటే ప్రశ్న: "ఏటమ్మా, అయ్యిందా?" అన్నిటికీ జవాబు కూడా ఒకటే: "రేపు సాయంత్రం ఇచ్చేస్తానండీ."

కేసు మొత్తానికి ముడి ఈ వాక్యంలో ఉంది. తేదీ లెక్క చూసి చెప్పింది కాదు, ఎదుటి మనిషి మొహం చూసి చెప్పింది. ఆ తేదీకి అవ్వదు. అవ్వకపోతే ఫోన్ వస్తుంది. ఫోన్ వస్తే చేతిలో పని ఆపి, వాళ్ల జాకెట్టు వెతికి ముందుకి తీస్తారు. దాంతో ఇంకొకరిది వెనక్కి పోతుంది. అది పూర్తి చెయ్యడానికి రాత్రి కూర్చుంటారు. రాత్రి కూర్చుంటే తప్పులు పడతాయి. రెండు వారాల్లో విప్పి మళ్లీ కుట్టిన జాకెట్లు నాలుగు, వాటిలో మూడు రాత్రి పది దాటాక కత్తిరించినవే. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు. కత్తెర తప్పితే వెనక్కి తెచ్చుకునే దారి లేదు. ఏప్రిల్‌లో ఒక పట్టు చీర జాకెట్టు ముక్కకి వెనక మెడ లోతు ముందు భాగానికి పడింది. అలాంటి ముక్క బయట దొరకదు. నష్టపరిహారంగా 3,500 ఇచ్చుకున్నారు. అప్పటి నుంచి పట్టు గుడ్డ బల్ల మీద పరిచి, సుద్దతో గీసి, కత్తెర పట్టుకుని, మళ్లీ కింద పెట్టి మడిచేస్తున్నారు. చిట్టాలో పట్టు జాకెట్ల కటింగ్ సగటు మిగతావాటికి రెట్టింపు.

మనసుకి నచ్చజెప్పడం, ఊపిరి వ్యాయామాలు, ఇవి తప్పని అనం. కానీ రోజుకి 31 మందికి అబద్ధపు తేదీ చెబుతున్న మనిషికి ప్రాణాయామం నేర్పితే అది రెండు ఫోన్ల మధ్య చేసుకునే పని అవుతుంది. ముందు తేదీ నిజం కావాలి.

37 ఫోన్లు

క్లయింటు అన్నిటికంటే గట్టిగా ఎదురుతిరిగింది ఈ పనికే. సోమవారం పొద్దున షట్టర్ సగం దించి, 37 మందికీ తనే ఫోన్ చేసి, నిజమైన తేదీ చెప్పాలి. వాళ్లు అడిగేలోపే. చెప్పాల్సిన మాట కాగితం మీద రాసిపెట్టాం: "అమ్మా, మీ జాకెట్టు చెప్పిన తేదీకి అవ్వలేదు, నాదే ఆలస్యం. 19వ తేదీ గురువారం సాయంత్రం అయిదు తర్వాత తప్పకుండా ఉంటుంది. అంతకంటే ముందు ఫంక్షన్ ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పండి." ఆఖరి వాక్యం ముఖ్యం. 37 మందిలో నిజంగా తొందరున్నది తొమ్మిది మందికే అని దానితోనే తేలింది. మిగతా అందరూ అలవాటుగా అడుగుతున్నవాళ్లు. నలుగురు కోప్పడ్డారు, ఇద్దరు గుడ్డ వెనక్కి తీసుకెళ్తామన్నారు, ఒకరే తీసుకెళ్లారు. మొత్తం రెండు గంటలు పట్టింది.

మిగిలిన 36లో ఏడు జాకెట్లు కంచరపాలెంలోని ఇంకో టైలరుకి ఇచ్చాం. ఈ ఏర్పాటు గురించి కింద చెబుతాం. తర్వాత మూడు వారాలు కొత్తవి వారానికి ఎనిమిదే తీసుకున్నారు. జూన్ నెలాఖరుకి వెనకబడినవి అయిదారుకి దిగాయి.

తేదీ నోటితో కాదు, అట్టతో

గోడకి ఒక అట్ట. మీద ఆరు వారాల గడులు, రోజుకి రెండు చొప్పున. కొత్త జాకెట్టు వస్తే బిల్లు నంబరు మొదటి ఖాళీ గడిలో పడుతుంది, ఆ తేదీయే కస్టమరుకి చెప్పాలి. కస్టమరుకి కూడా ఆ అట్ట కనిపించేలా కౌంటరు వెనకే పెట్టాం. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ బేరం తీరే మారిపోతుంది. అంతకుముందు "నాకోసం ఒక్కటి ముందు కుట్టలేవా" అని మనిషిని అడిగేవారు. ఇప్పుడు అట్ట చూసి "శుక్రవారం ఖాళీ లేదా" అని అడుగుతున్నారు. కాదనడం ఆవిడ నోటి మీద నుంచి దిగి గోడెక్కింది.

వారానికి 14 కుట్టగలిగితే 12 గడులే ఇచ్చాం. రెండు ఖాళీగా ఉంచాలి, ఆల్టరేషన్లకీ, జ్వరానికీ, మెషీన్ మొరాయించడానికీ. ఈ ఖాళీ ఉంచడానికి ఒక్కరే నడిపేవాళ్లు ఎవరూ ఒప్పుకోరు, పోయిన డబ్బులాగే చూస్తారు. ఉంచని వారం ఏమవుతుందో చూశాక ఒప్పుకుంటారు.

అర్జెంటు వారానికి రెండే, కూలి మీద సగం అదనం. ఆల్టరేషన్లు బుధవారం మూడు నుంచి అయిదు దాకా మాత్రమే. "పిన్నీ, ఒక్క కుట్టే కదా, ఇలా వేసెయ్" అని వచ్చేవాళ్లు రోజుకి ముగ్గురు ఉంటారు. ఒక్కో ఒక్క కుట్టుకీ మెషీన్ మీదున్న దారం మార్చాలి, ఫుట్ కింద ఉన్న పని తియ్యాలి, మళ్లీ పెట్టాలి. పదిహేను నిమిషాలు పోతాయి, డబ్బు అడగడానికి మొహమాటం.

బిల్లు పుస్తకం కార్బన్‌తో, నంబర్లు వేసినది కొన్నాం. స్లిప్పుకి చీర అంచు ముక్కో దారమో పిన్ను కొట్టాలి. అదే నంబరు రాసిన బట్ట ట్యాగు జాకెట్టు గుడ్డకి పిన్నీసుతో. ఆది జాకెట్టు, గుడ్డ, లైనింగ్ మూడూ ఒకే సంచిలో, సంచి వారం పేరున్న అరలో. వెతుకులాట 35 నిమిషాల నుంచి అయిదుకి వచ్చింది.

లైనింగ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సగం పరుగులు దానివల్లే. ఒక్కో జాకెట్టుకి మీటరు లైనింగ్ కోసం మార్కెట్‌కి వెళ్లడం మానేసి, ఎక్కువగా నడిచే 24 రంగులు ఒక్కొక్కటి అయిదు మీటర్లు ఒకేసారి తెచ్చిపెట్టాం. ఆదివారం సాయంత్రం వారానికి సరిపడా నీళ్లలో నానబెట్టి, పిండకుండా ఆరేసి, ఇస్త్రీ చేసి పెట్టుకోవాలి. కాటన్ లైనింగ్ తడపకుండా కుడితే మొదటి ఉతుకులో అది కుంచించుకుపోతుంది, పై గుడ్డ ముడతలు పడుతుంది, జాకెట్టు వెనక్కి వస్తుంది. తొందరలో మొదట మానేసేది ఈ తడపడమే, నెల తర్వాత ఆల్టరేషన్ల వరుసలో తేలేదీ ఇదే. తీరం గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి వానాకాలంలో రాత్రంతా ఫ్యాను కింద వదిలేస్తే గానీ పూర్తిగా ఆరదు.

కత్తెర వేళలు

రోజుని మూడు ముక్కలు చేశాం. తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా సగం షట్టర్, కటింగ్ మాత్రమే, నాలుగు జాకెట్లు వరసగా. ఫోన్ సైలెంట్‌లో, సొరుగులో. రెండు నుంచి అయిదు దాకా మెషీన్. పదకొండున్నర నుంచి ఒంటిగంట, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది మనుషులకి. ఆ మధ్యలో దొరికే ఖాళీల్లో ఇంకో గంటన్నర మెషీన్ నడుస్తుంది. ఎనిమిదిన్నరకి షట్టర్.

రాత్రి ఎనిమిది దాటాక కత్తెర పట్టకూడదు. ఎంత అర్జెంటయినా సరే. చేతి కుట్టు చేసుకోవచ్చు, అదీ పదిన్నర వరకే. పట్టు గుడ్డ పొద్దున మొదటి కటింగ్‌గానే రావాలి. కత్తిరించే ముందు ఆది జాకెట్టుని గుడ్డ మీద ఒకసారి పరిచి చూడాలి, స్లిప్పు నంబరు ట్యాగుతో సరిచూడాలి, ముందు మెడ, వెనక మెడ లోతులు పైకి చదవాలి. పక్క కుట్ల దగ్గర అంగుళం మార్జిన్ వదలాలి. మూడు వారాల్లో పట్టు కటింగ్ సమయం మామూలు జాకెట్ల దగ్గరికి వచ్చింది. ఆ భయానికి విడిగా కౌన్సెలింగ్ ఏమీ చెయ్యలేదు. సరిచూసే పద్ధతి చేతికి అలవాటయ్యాక అదే సర్దుకుంది.

పనిచెయ్యనివి

వాట్సాప్ బిజినెస్‌లో ఆటోమేటిక్ జవాబు పెడితే ఫోన్లు తగ్గుతాయనుకున్నాం. తగ్గాయి, కానీ రెండో వారంలో మనుషులే షాపుకి రావడం మొదలుపెట్టారు, అది ఇంకా ఎక్కువ సమయం తింది. వాళ్లకి కావాల్సింది మన పని వేళలు కాదు, వాళ్ల జాకెట్టు సంగతి. రోజూ ఏడింటికి "ఈరోజు రెడీ అయినవి" అని బిల్లు నంబర్లు స్టేటస్‌లో పెట్టడం, రెడీ అయినవాళ్లకి ముందే సేవ్ చేసిన జవాబు ఒక్క నొక్కుతో పంపడం మొదలయ్యాకే అయ్యిందా ప్రశ్నలు రోజుకి ఆరేడుకి దిగాయి. స్టేటస్ కనిపించాలంటే వాళ్ల ఫోన్లో షాపు నంబరు సేవ్ అయి ఉండాలి. అందుకే స్లిప్పు చింపి ఇచ్చేటప్పుడే సేవ్ చేయించాలి.

హుక్కులు, హెమ్మింగ్ పని తాటిచెట్లపాలెంలో ఇంటి దగ్గరుండే ఒకావిడకి జాకెట్టుకి 40 చొప్పున ఇచ్చాం. మొదటి వారం హుక్కులు ఎగుడుదిగుడుగా వచ్చాయి, కాజాలు వదులు. "నా చేత్తో అయితే గానీ కుదరదు" అని క్లయింటు పాత పద్ధతికి వెళ్లిపోబోయారు. ఒక్కరే నడిపే షాపుల్లో సహాయం నిలబడకపోవడానికి ఎక్కువగా కారణం ఇదే. ఎలా కావాలో చూపించరు, వచ్చింది చూసి విసుక్కుంటారు. ఆరు హుక్కులు సమాన దూరంలో కుట్టిన ఒక నమూనా పట్టీ, దారం ఎన్ని పేటలో, ఎన్ని చుట్లో రాసిన చీటీ తయారుచేసి ఇచ్చాం. మూడో వారం నుంచి ఫిర్యాదు లేదు. దీనితో జాకెట్టుకి 145 నిమిషాలు 115 అయ్యాయి. ఫోన్లు, వెతుకులాట తగ్గి చేతిలోకి వచ్చే సమయం ఆరున్నర గంటలైంది. అంటే వారానికి 20 కుట్టే శక్తి. గడులు 16కి పెంచాం, నాలుగు ఖాళీ.

జూలై రెండో వారంలో ఆడపడుచు శ్రావణంలో పెళ్లికని తొమ్మిది జాకెట్లు తెచ్చారు. ఇంట్లోవాళ్లవే కదా అని క్లయింటు వాటిని అట్ట మీద రాయలేదు. ఆ వారం నిద్ర మళ్లీ అయిదు గంటలు, ఒక జాకెట్టు చెయ్యి కటింగ్ తప్పింది. బంధువులది డబ్బు తీసుకోవాలా వద్దా అన్నది ఇంటి విషయం, అందులో మనం తలదూర్చకూడదు. గడి మాత్రం తీసుకోవాల్సిందే, కూలి లేని జాకెట్టుకీ అవే 115 నిమిషాలు పడతాయి.

డబ్బు

నెలకి పాతికవేలు మిగులుతున్నాయని ఆవిడ నమ్మకం. గల్లా పెట్టెలోకి వచ్చింది చూసి అనుకున్న లెక్క అది. లైనింగ్ జాకెట్టుకి కూలి 450. లైనింగ్ 60, దారం, హుక్కులు, కరెంటు కలిపి 20 పోతే 370. నెలకి 60 జాకెట్లకి 22,200. అద్దె 8,000, నెలనెలా తప్పని మిగతా ఖర్చులు 2,000 తీస్తే 12,200. చీరల ఫాల్, పీకో పని బయట ఇచ్చేస్తారు, దాని మీద మిగిలేది పెద్దగా లెక్కలోకి రాదు. నెలలో షాపు తెరిచి ఉంచే 286 గంటలకి పంచితే గంటకి 43 రూపాయలు. ఈ అంకె చూసి ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న రేటు పెంచడం గురించే. అప్పటిదాకా ఆ మాట ఎత్తనివ్వలేదు.

రేటు 550 చేశాం. నోటితో చెబితే ప్రతి ఒక్కరితో బేరం, బోణీ బేరం వేరే. అచ్చు వేసిన రేట్ల బోర్డు పెట్టి, "జూలై 1 నుంచి" అని రాశాక చాలామటుకు ఆగింది. పాత కస్టమర్లలో అయిదారుగురు పోయారు. ఇప్పుడు జాకెట్టుకి ఖర్చులూ, హుక్కుల కూలీ పోగా 430. నెలకి 69 జాకెట్లకి 29,670, అద్దె, మిగతా ఖర్చులు పోతే 19,670.

అడ్వాన్స్ సగం, ముందే. అది కుట్టి ఇచ్చేదాకా మన డబ్బు కాదు. మొదట్లో 22 మంది ఇచ్చిన 4,400 అడ్వాన్స్ ఇంటి ఖర్చులో కలిసిపోయి, కుట్టేనాటికి లైనింగ్ కొనడానికి చేతిలో లేని పరిస్థితి. షాపుకి వేరే బ్యాంకు ఖాతా, దాని క్యూఆర్ కోడ్ కౌంటరు మీద. శనివారం సాయంత్రం ఇంటికి 3,500 బదిలీ, అదే ఆవిడ జీతం. శనివారం లెక్కలో నాలుగే అంకెలు: వచ్చింది, పోయింది, చేతిలో ఉన్న అడ్వాన్స్, నిండిన గడులు. యూపీఐలో డబ్బు వస్తే జీఎస్టీ నోటీసు వస్తుందన్న భయం కూడా ఉండేది. ఇలాంటి సేవలకి ఏడాదికి 20 లక్షలు దాటితేనే రిజిస్ట్రేషన్, ఆవిడ టర్నోవర్ అందులో నాలుగో వంతు కూడా లేదు.

డైలీ ఫైనాన్స్ అప్పు ఒకటి ఉంది. 20,000 రాసుకుని 18,000 చేతికిచ్చారు, రోజుకి 200 చొప్పున వంద రోజులు. సగటున 9,000 బాకీ మీద వంద రోజులకి 2,000 వడ్డీ, ఏడాదికి లెక్కేస్తే 80 శాతం దరిదాపు. ఇంకా 10,400 కట్టాలి. ముందే తీర్చేస్తే వడ్డీ మిగులుతుందా? మిగలదు, అది మొదట్లోనే పట్టుకున్నారు. అయినా పొదుపు సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి 10,000 తీసి, 400 చేతి నుంచి వేసి తీర్చేశాం. పది నెలల్లో దానికయ్యే వడ్డీ 550. ఆ 550 దేనికంటే, నెలకి 6,000 కట్టాల్సిన చోట 1,100 అయింది. రెండోది, రోజూ ఆరింటికి కస్టమర్ల ముందు కలెక్షన్ మనిషి వచ్చి నిలబడటం ఆగింది. సాయంత్రం దడ తగ్గడంలో దీని పాలు ఎంతో స్కోర్లలో విడదీసి చూపలేం గానీ తక్కువైతే కాదు.

చేతివృత్తులవాళ్ల కోసం కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. 2023 సెప్టెంబర్ 17న మొదలైన ఈ పథకంలో పరికరాలకి 15,000 వరకూ, 5 శాతం వడ్డీకి మొదట లక్ష దాకా అప్పు. కుటుంబంలో ఒక్కరికే. దరఖాస్తు పెట్టించాం, కానీ ఆ డబ్బుని ఏ లెక్కలోనూ చేర్చలేదు. వచ్చినప్పుడు చూసుకోవాలి.

తోడు

పొద్దున నుంచి రాత్రి దాకా వందమందితో మాట్లాడినా, పని గురించి మాట్లాడటానికి ఒక్కరు లేరు. ఇంట్లో చెబితే "అయితే మూసెయ్" అంటారు. దగ్గర్లో ఉన్న ఇద్దరు టైలర్లతో ఒప్పందం కుదిర్చాం. ముగ్గురూ ఒకరికొకరు పోటీ అనుకున్నవాళ్లే. జ్వరం వచ్చినా, ఇంట్లో అవసరం పడినా పని మార్చుకోవాలి. కుట్టినవాళ్లకి కూలిలో 80 శాతం. కస్టమరు ఫోన్ నంబరు ఇవ్వరు, బిల్లు నంబరు మీదే పని నడుస్తుంది. గురువారం మధ్యాహ్నం భోజనం ముగ్గురూ ఒకే షాపులో. అక్కడ ఎక్కువగా మాట్లాడుకునేది రేట్లు, దారం నాణ్యత, డబ్బు ఎగ్గొట్టినవాళ్ల గురించే. అదే కావాలి.

శ్రావణం

జూలై 18కే ఆగస్టు 7 దాకా గడులన్నీ నిండాయి. బోర్డు పెట్టారు: "వ్రతం ఆర్డర్లు అయిపోయాయి. కొత్తవి ఆగస్టు 11 తర్వాత." ఆ తర్వాత వచ్చినవాళ్లలో కొందరు పక్క షాపుకి వెళ్లారు, కొందరు 11 తర్వాత తేదీకే ఇచ్చి వెళ్లారు. వ్రతం వారంలో ఇచ్చిన 16లో రెండు ఆలస్యం, రెండూ ఒక్కో రోజే. వ్రతం ముందు రాత్రి షట్టర్ తొమ్మిదింపావుకి పడింది.

పదో వారంలో స్కోర్లు: పీహెచ్‌క్యూ 5, గ్యాడ్ 6. నిద్ర నాలుగున్నర గంటల నుంచి ఆరున్నరకి. హిమోగ్లోబిన్ 11.1, మాత్రలు ఇంకా కొనసాగాలి. మెడ నొప్పి పెద్దగా తగ్గలేదు. స్టూలు ఎత్తు రెండంగుళాలు పెంచి, సూది మీదకి ఎల్‌ఈడీ లైటు పెట్టాం, ఫిజియోథెరపీకి పంపాం, నాలుగు సిట్టింగులకి రెండే వెళ్లారు. అబ్బాయితో గొడవలు తగ్గాయని ఆవిడ అన్నారు, అబ్బాయిని మేం అడగలేదు.

పదో వారం నాటికి మిగిలిన పనులు ఇవి. దసరా గడుల అట్ట ఆగస్టు 25న తెరవాలి, మార్గశిరంలో కనకమహాలక్ష్మి అమ్మవారి గురువారాలకి వచ్చే ఆర్డర్లకి వేరే రంగు వాడాలి. ఇంకో పవర్ మెషీన్ కొని మనిషిని పెట్టుకోవాలన్న ఆలోచన క్లయింటుకి ఉంది. మూడు నెలలు వరసగా శనివారం లెక్క రాసి, హుక్కుల ఖర్చు పోగా 18,000కి తగ్గకుండా మిగిలితేనే దాని గురించి మాట్లాడదామని చెప్పాం. అక్టోబర్ ఆఖరున మళ్లీ రక్తపరీక్ష ఉంది, ఆ రోజే ఈ లెక్కా చూస్తాం.